వారమున కొకమారు

మన ప్రాచీనవైద్యులు రోగములను మూడు తెగలుగా విభజించిరి. చికిత్సచే నశించునవి సాధ్యములు. ఎన్ని చేసినను లొంగనివి అసాధ్యములు. ఈ రెంటికిని నడుమ నున్నవి యాప్యములు. యాప్య మనగా చికిత్స జరుగుచున్నంతకాలము అణగియుండి, మానినతోడనే తల యెత్తు రోగము. దాని చికిత్సను వారు ఒరిగిన యింటికి పెట్టిన పోటుతో పోల్చిరి. పోటు గోడను బాగుచేయదు; కాని పోటు ఉన్నంతకాలము ఆ యింట మనుష్యులు కాపురముండవచ్చును. ఈ నడిమితెగను గుర్తించి దానికొక పేరు పెట్టుటయందే వారి వివేకము నాకు విశేషముగా గోచరించును. రోగమును రూపుమాపెదనని వచ్చు వైద్యుని వెంట జనులు పరుగిడుదురు. రోగముతో బ్రదుకుట నేర్పెదనను వైద్యుని మాట వినువారు తక్కువ.

శ్రోతలారా! నేను వైద్యుడను గాను, బడిపంతులను. చరిత్ర చెప్పుటవరకే నా యధికారము. చర్మమునకు, రక్తమునకు, కీళ్ళకు సంబంధించిన కొన్ని మొండి యాప్యరోగములయందు నేడు లోకమంతట వాడుకలోనున్న ఒకానొక మందు చరిత్రను మీకు వినిపింప దలచితిని. ఆ మందు పేరు మెథోట్రెక్సేటు. దానిని వ్రాసి యిచ్చునప్పుడు చర్మవైద్యులును కీళ్ళవైద్యులును చెప్పు హితవులలో మొదటిది, దానిని వారమున కొక్కదినము మాత్రమే పుచ్చుకొనవలె ననునది. చిన్నమాటగా తోచు ఈ నియమము ఏర్పడుటకు ఇరువదియేండ్లు పట్టినది.

మొదట చర్మమును చూతము. మన చర్మముయొక్క పైపొర లోపల పుట్టి, మెల్లగా పైకి వచ్చి, రాలిపోవుటకు సుమారు నెలదినములు పట్టును. సోరియాసిస్ అను వ్యాధియందు ఈ ప్రయాణము కొద్దిదినములలోనే ముగియును. అందుచే ముదురని కణములు ఒకదానిపై నొకటి పేరుకొని, ఎఱ్ఱని మచ్చలపై వెండిరంగు పొలుసులుగా లేచును. చరకసంహితయందు కుష్ఠములు పదునెనిమిదిగా చెప్పబడినవి. వానిలో ఏకకుష్ఠమనునది చేపపొలుసులను బోలియుండునని వర్ణింపబడినది; నేటి ఆయుర్వేదపండితులు కొందరు దానినే సోరియాసిస్‌గా గ్రహింతురు. అది యెట్లున్నను, ఒక మాట చెప్పక తప్పదు. సంస్కృతమున కుష్ఠశబ్దము సమస్తచర్మరోగములకును సామాన్యనామము. తెలుగువాడుకలో నది యొక్క మహారోగమునకే పరిమితమై పోయినది. శబ్దార్థము సంకోచించిన ఫలితముగా, అంటువ్యాధి కానే కాని పొలుసురోగము గలవారు సయితము పంక్తిబాహ్యులైరి. ఐరోపాయందును ఇదే జరిగినది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండునందు రాబర్టు విల్లనుగారు ఈ వ్యాధిని చక్కగా వర్ణించియు, లెప్రా యను పేరును దానికి తొలగింపలేకపోయిరి. 1841లో వియన్నా నగరమున హెబ్రాగారు రెంటిని స్పష్టముగా వేరుచేసిరి.

కీళ్ళవాతములలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనునది యొకటి. చేతివ్రేళ్ళ చిన్నకీళ్ళు ఉబ్బి, తెల్లవారి లేచునప్పటికి బిగిసికొనిపోవును. స్త్రీలకు హెచ్చుగా వచ్చును. దీనికిని సోరియాసిస్‌కును మూలమొక్కటే. శరీరమునకు కావలిగానుండి, వెలుపలినుండి వచ్చు క్రిములను చంపవలసిన సేన, పొరపడి సొంత యంగములపైననే తిరుగబడును. కంచే చేను మేసిన చందము. శరీరము తన్ను తాను నాశము చేసికొనుటకు జంకునని ఇరువదవ శతాబ్ది ఆరంభమున జర్మనీలో ఎర్లిఖ్ పండితుడు చెప్పగా, ఆయనయం దున్న గౌరవముచే వైద్యలోకము చాలకాలము అట్టి తిరుగుబాటు అసంభవమనియే తలచినది. 1956లో రోజు, విటెబ్‌స్కీ యను నిరువురు కుందేళ్ళయందు దానిని ప్రయోగపూర్వకముగా చూపినపిమ్మట గాని ఆ యభిప్రాయము సడలలేదు. మన కథలోని మందు అంతకుముందే రోగులకు గుణమిచ్చినది. కారణము తెలియకమునుపే ఔషధము దొరకుట వైద్యచరిత్రలో అరుదు కాదు.

కథ బొంబాయిలో మొదలగును. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు వచ్చు ఘోరమైన పాండురోగమును పరిశోధింప వచ్చెను. ఆ స్త్రీల రక్తకణములు సంఖ్యలో తగ్గి, పరిమాణమున పెరిగి యుండెను. పేదరాండ్ర కంచములలో ఏది కొరవడినదో ఆమె వెదకెను. తుదకు మార్మైటు అను చవుకపదార్థము, అనగా సారాయిబట్టీలలో మిగిలిన ఈస్టునుండి తీసిన సారము, వారికి గుణమిచ్చినట్లు 1931లో ప్రకటించెను. అందలి గుణకారిద్రవ్య మేదో అప్పటికి తెలియదు. విల్సుకారకమని దానిని వ్యవహరించిరి. 1941లో అమెరికాలోని టెక్సాసునందు కొందరు రసాయనజ్ఞులు బండ్లకొలది పాలకూరనుండి ఒక ద్రవ్యమును రవ్వంత వేరుచేసి, లాటినుభాషలో ఆకునకు పేరైన ఫోలియమ్ అను శబ్దమునుండి ఫోలిక్ ఆమ్లమని దానికి పేరుపెట్టిరి. మనభాషలో చెప్పుకొన్నచో పత్రామ్లము. అయితే ఆకుకూరనుండి తీసిన రవ్వంత దేశములోని రోగుల కెట్లు చాలును? దానిని కర్మాగారమున తయారు చేయగల విద్య కావలెను.

ఇచ్చట మన భీమవరము వచ్చును. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరిలో ఆ యూర జన్మించిరి. యౌవనమున ఆయన తోబుట్టువు లిరువురు కొద్దిదినముల వ్యవధిలో సంగ్రహణివ్యాధికి బలియైరి. ఆ వ్యాధియే ఆయనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికి బయటపడిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుట ఆయనకు కీడైనది, ఎం. బి. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్. ఎం. ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేదకళాశాలలో శారీరశాస్త్రము బోధించిరి. 1922లో బోస్టను చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేగారితో కూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి; ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేరున ప్రయోగశాలలలో నది ప్రసిద్ధము. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిను, అడినోసిను ట్రైఫాస్ఫేటు అను ద్రవ్యములనుగూడ ఆ యిరువురు వెలికి తీసిరి. ఈ రెండవ పేరును శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొన వేడెదను.

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనాధ్యక్షులైరి. ఆయన నాయకత్వమున రసాయనజ్ఞుల బృందము 1945-46 సంవత్సరములలో ఫోలిక్ ఆమ్లముయొక్క నిర్మాణమును తెలిసికొని, దానిని కృత్రిమముగా తయారుచేసినది. విల్సు వైద్యురాలు చూచిన పాండురోగమున కది గుణమిచ్చినది. అంతేకాదు, సంగ్రహణిరోగులును దానిచే తేరుకొనిరి. తోబుట్టువులను కబళించిన రోగమునకు ముప్పదియేండ్లకు మందు చేతికి వచ్చినప్పు డాయన మనఃస్థితి యెట్లుండెనో! ఆయన మితభాషి; వ్రాసి యుంచలేదు.

ఈ సందర్భముననే రక్తరోగవైద్యుల హితవొకటి చెప్పవలసియున్నది. పెర్నీషియసు అనీమియా యను వేరొక పాండురోగము కలదు. అదియు కంచె చేను మేయు తెగలోనిదే. కడుపులోని కణములు దెబ్బతిని బి-12 విటమిను ఒంటబట్టదు. 1926లో మైనటు, మర్ఫీ యనువారు కాలేయమును తినిపించి ఈ రోగులను బ్రదికించిరి. బి-12 విటమిను 1948లో వేరుచేయబడెను. ఈ రోగమునకు ఫోలిక్ ఆమ్లమును మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనిపించును గాని నరముల చెరుపు లోలోపల సాగుచునే యుండును. రోగి ముఖము ఎఱ్ఱబారును, కాళ్ళు తిమ్మిరెక్కి తూలును. కావున ఏ కొరత యున్నదో పరీక్షించి తెలిసికొనకుండ రక్తము పట్టుటకని ఏదో యొక మాత్ర మ్రింగరాదని వారు చెప్పుదురు.

ఇక మన మందు పుట్టుక. బోస్టనులోని పిల్లల ఆసుపత్రియందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లుకేమియా, అనగా తెల్లకణములు మితిమీరి పెరుగు రక్తపు కాన్సరు, సోకిన బిడ్డలకు ఫోలిక్ ఆమ్లసంబంధమైన ద్రవ్యముల నిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారుగా విజృంభించెను. ఆయన కలత జెందియు, ఆ యనర్థమునుండియే యొక తర్కమును తీసెను. ఏది రోగమును పోషించునో దానికి ప్రతికూలమైనది రోగమును అణచవలెను గదా! సుబ్బారావుగారి బృందమువారు అట్టి ప్రతికూలద్రవ్యములను చేసి పంపిరి. అవి ఆకారమున ఫోలిక్ ఆమ్లమును పోలిన నకిలీ తాళపుచెవులు. తాళములో దూరును, తిరుగవు, అసలుచెవిని దూరనీయవు. వానిలో అమైనోప్టెరిను అనుదానిని పదునార్గురు బిడ్డలకు ఈయగా పదుగురియందు రోగము కొంతకాలము వెనుకకు తగ్గినదని ఫార్బరుగారు 1948 జూనులో ప్రకటించిరి. బిడ్డల తీవ్రలుకేమియా మందునకు లొంగుట అదియే మొదలు. రెండునెలలకు, ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి దివంగతులైరి. వయస్సు ఏబదిమూడు. అమైనోప్టెరినునకు చిన్నమార్పు చేయగా వచ్చినది మెథోట్రెక్సేటు; అది తయారుచేయుటకు సులభము, రోగియందు దాని నడక ముందుగా నూహింపదగినది. కావున పూర్వపుది వెనుకబడి యిదియే నిలిచినది.

1951లో న్యూయార్కునందు గుబ్నరు అను వైద్యుడును ఆయన సహచరులును అమైనోప్టెరినును కీళ్ళవాతరోగుల కిచ్చి చూచిరి. కీళ్ళవాపు తగ్గినది. అందు సోరియాసిస్ కూడ నుండినచోట చర్మముపై పొలుసులును రాలిపోయినవి! కాన్సరుమందు కీళ్ళకును చర్మమునకును పనిచేయునని తెలిసిన దట్లు. అయినను కీళ్ళవైద్యులు ఈ వార్తను పెడచెవిని పెట్టిరి. అందుకు కారణము కార్టిజోను. 1948 సెప్టెంబరులో మేయో వైద్యాలయమున హెంచిగారు కీళ్ళవాతముచే మంచమెక్కిన స్త్రీకి దాని నీయగా ఆమె కొద్దిదినములలో లేచి నడచినది. 1950లో దానికి నోబెలు బహుమానము. అంతటి అద్భుతము కండ్లయెదుట నుండగా నోటిపూత పుట్టించు విషపుమందు నెవ్వ రపేక్షింతురు? కొన్నియేండ్లకు కార్టిజోను వెల తెలిసినది: ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, చక్కెరవ్యాధి. సోరియాసిస్ గలవారు అట్టి స్టెరాయిడు మాత్రలను మ్రింగి చటుక్కున మానినచో రోగము చీముపొక్కులతో మునుపటికంటె క్రూరముగా తిరుగబడును. ఏడుపూటలలో నయము చేయుదుమని పేరులేని పొట్లములమ్మువారి మందులలో స్టెరాయిడు కలిపియుండుట పలుమారులు బయటపడినది. మొదటి వారమున కలుగు ఆ యాశ్చర్యకరమైన మేలునకు రోగి మురియును. తరువాతి కష్టమునకు పొట్లమువాడు ఉండడు.

చర్మవైద్యులు మాత్రము గుబ్నరుగారి మాట మరువలేదు. 1958 నాటికి సోరియాసిస్‌నకు మెథోట్రెక్సేటు వాడుకలోనికి వచ్చినది. తొలుత దినదినము కొంచెముకొంచెముగా నిచ్చెడివారు. కొంచెము గదాయను ధీమా. అయితే ఏండ్లు గడచినకొలది కొందరి కాలేయము గట్టిపడుట కనబడెను. దినదినము పుచ్చుకొన్నవారికి ఈ చెరుపు హెచ్చుగాను, వారమున కొకపరి పుచ్చుకొన్నవారికి తక్కువగాను ఉండెను. 1971లో వైన్‌స్టైను, ఫ్రాస్టు అనువారు రోగగ్రస్తమైన చర్మకణము విభజనమునకు పట్టుకాలమును లెక్కించి, పండ్రెండేసి గంటల యెడముతో మూడుమారులిచ్చి, మరల వారమువఱకు విరామమీయవలెనని చెప్పిరి. ఆ మూడును కలిపి ఒక్కపరి యిచ్చుటయు పిమ్మట వాడుకయైనది. విరామదినములలో ఎముకలలోని మూలుగ, నోటిలోని పొర మొదలగునవి మరల కోలుకొనును. కీళ్ళవైద్యులు 1985లో గాని సమగ్రమైన పరీక్షలు ప్రకటింపలేదు. 1988లో అమెరికా ప్రభుత్వము కీళ్ళవాతమునకు దీని నంగీకరించినది. 1951 నుండి లెక్కించిన ముప్పదియేడేండ్లు. ఈ మధ్యకాలమున ఎందరి చేతివ్రేళ్ళు వంకరబోయెనో!

ఇక ఆ నియమమును గురించి. కీళ్ళవాతమునకు వైద్యులు సామాన్యముగా నిచ్చునది వారమున కంతటికి ఏడున్నర మొదలు ఇరువదియైదు మిల్లిగ్రాములవఱకు. ఆ మోతాదునే దినదినము మ్రింగినచో కొలదిదినములలో నోరు పుండ్లై, రక్తకణములు పడిపోయి, ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇట్లు జరిగిన మరణములు అనేకదేశములలో నమోదైనవి. బ్రిటనులో రోగిరక్షణసంస్థ 2006లో దీనినిగూర్చి హెచ్చరికలు ప్రకటించినది. ఐరోపా ఔషధసంస్థ 2019లో, వారమున కొక్కపరి వాడు మెథోట్రెక్సేటు డబ్బాలపై ఆ మాట స్పష్టముగా నుండవలెనని శాసించినది. చదువుకొన్న దేశములలోనే యిట్లున్నది.

మనవారికి ఇందలి చిక్కు మరింత. ఔషధసేవనకాలములు పదియని సుశ్రుతుడు చెప్పెను. అవి యించుమించుగా అన్నియు అన్నమునకు ముందో, వెనుకనో, ముద్దముద్దకో అని భోజనముతో ముడిపడినవి. మందనగా పూటపూటకును పుచ్చుకొనునదియే యని తరతరములుగా మన యలవాటు. దీనికి తోడు మన భాష. వారశబ్దమునకు సంస్కృతమున వంతు అని యర్థము. తెలుగున నది ఆదివారము సోమవారములలో దినమును చెప్పును, వేరుగా నిలిచిన ఏడుదినములను చెప్పును. మా వీధిలోని వృద్ధురా లొకతె మందులచీటి పట్టుకొనివచ్చి, "పంతులుగారూ, ఈ పచ్చమాత్రలు వారము వాడమన్నారు. రోజుకెన్ని వేసుకోవాలో చదివి చెప్పండి బాబూ" అని యడిగినది. చీటిలో వారమునకు నాలుగు మాత్రలని యున్నది. వారము వాడుట వేరు, వారమున కొకమారు వాడుట వేరు, నడుమ ప్రాణమున్నది. ఆమె అప్పటి కింకను మొదలుపెట్టలేదు. మరల వైద్యునొద్దకు పంపగా ఆయన చీటిపై బుధవారమని పెద్దయక్షరములతో వ్రాసి, నాలుగును ఆనాడే యని చెప్పిపంపెను. దినమునకు పేరు పెట్టుటయే మేలైన పద్ధతియని నిపుణు లందరును చెప్పుదురు.

వింతయేమనగా, ఫోలిక్ ఆమ్లమునకు శత్రువైన ఈ మందుతో ఆ యామ్లమునే జతగా నిత్తురు. వేరొక దినమున పుచ్చుకొన్న ఫోలిక్ ఆమ్లము వలన వమనము, నోటిపూత, కాలేయబాధ తగ్గును; కీళ్ళకు కలుగు మేలు చాలవఱకు చెడదు. మందు మితిమీరి లోనికి పోయినప్పుడు ఆసుపత్రిలో నిచ్చు విరుగుడు గూడ ఫోలినిక్ ఆమ్లమను దానికి దాయాదియే. తక్కిన హితవులను వేగముగా చెప్పెదను. మొదలిడుటకు ముందును, పిమ్మట వైద్యుడు చెప్పిన యెడములతోను రక్తమును, కాలేయమును, మూత్రపిండములను పరీక్షించుకొనవలెను. మన దేశమున క్షయపరీక్షయు ముఖ్యము. మద్యము కూడదు. గర్భిణులు దీనిని ముట్టరాదు. బిడ్డను కోరువారు ఎన్నినెలల ముందు మానవలెనో వైద్యు నడుగవలెను. ఇతరవైద్యులు కోట్రైమాక్సజోలు అను మాత్ర నిచ్చునెడల మెథోట్రెక్సేటు వాడుచున్నట్లు తప్పక చెప్పవలెను. అదియు ఫోలిక్ ఆమ్లపు మార్గముననే అడ్డుతగులును, రెండును కలిసిన మూలుగ ఎండును. నోటిపుండ్లు, జ్వరము, గొంతునొప్పి, పొడిదగ్గు, ఆయాసము, కారణములేని కమిలినమచ్చలు కనబడినచో తదుపరి మోతాదునకు వేచియుండక వైద్యునొద్దకు పోవలెను.

ఇంత చిన్న మోతాదు, అదియు వారమున కొక్కపరి, కంచెను మేతనుండి ఎట్లు మాన్పుచున్నది? కాన్సరుకణమును ఆకలిచే మాడ్చుటకు అది చాలదు గదా! 1990 తరువాతి పరిశోధకులు దీనికి చూపిన సమాధానములలో ముఖ్యమైనది, ఈ మందు కణముల వెలుపల అడినోసిను అను ద్రవ్యమును పెంచి, దానిద్వారా వాపును చల్లార్చుననునది. అడినోసిను అచ్చట పుట్టునది చాలవఱకు అడినోసిను ట్రైఫాస్ఫేటు విరిగినందువలననే. ఆ పేరును జ్ఞాపకముంచుకొన గోరితిని. బోస్టనులో సుబ్బారావుగారును ఫిస్కేగారును, అదేకాలమున జర్మనీలో లోమను పండితుడును వేర్వేరుగా దానిని ప్రకటించినది 1929లో. దానికిని తన ప్రయోగశాలనుండి రాబోవు మందునకును ఇట్టి చుట్టరికము కలదని సుబ్బారావుగారు ఎరుగరు. గుబ్నరుగారి రోగి చర్మమునుండి పొలుసులు రాలిన వార్త అచ్చుపడునాటికి ఆయన గతించి మూడేండ్లైనది.